నర్సీపట్నం వాటా

ఇల్లు లేనివాళ్ల కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తలా కొంత వేసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకుంటాయి. ఆ డబ్బుతో ఎక్కడ అవసరముంటే అక్కడ ఇళ్లు కట్టిస్తాయి. అమెరికాలో కొన్ని ప్రాంతాల్లో ఈ పద్ధతి ఏళ్ల తరబడి నడుస్తోంది. మన దగ్గర పేదల ఇళ్ల డబ్బు ఢిల్లీ నుంచో అమరావతి నుంచో దిగి రావలసిందే. రేపు విశాఖ ప్రాంతంలో అలాంటి నిధి పెడతాం రమ్మంటే నర్సీపట్నం మున్సిపాలిటీ చేరాలా, వద్దా? కింది ఇద్దరి తగువు అదే. మావయ్య ఊళ్లో ఇళ్లు కట్టించి జుట్టు నెరిసిన కాంట్రాక్టరు. మేనకోడలు ప్లానింగ్ చదివి విశాఖలో ఉద్యోగం చేస్తోంది. ఇద్దరూ కల్పితమే గాని వాళ్లు కొట్టుకునే సంగతులు కావు.

మావయ్య: వైజాగ్‌తో కలిసి చీటీ వెయ్యమంటావేటమ్మా? మొదటి పాట వాళ్లే పాడుకుంటారు. మన వంతు వచ్చేసరికి చీటీ నడిపినోడు ఊళ్లో ఉండడు.

మేనకోడలు: ముందు మన గల్లాపెట్టెలో ఏముందో చూద్దాం మావయ్యా. ఇంటిపన్ను, కుళాయి పన్ను, ఖాళీ స్థలం పన్ను, షాపుల అద్దెలు. జీతాలు, వీధి దీపాల కరెంటు, చెత్త బళ్ల డీజిలు పోను ఇళ్లు కట్టడానికి ఎంత మిగులుతుంది? ఇంటిపన్నును అద్దె విలువ మీంచి ఆస్తి విలువ మీదికి మార్చినప్పుడు కూడా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని గీత గీశారు. ఆ పెంపుకే రాష్ట్రమంతా గోల పెట్టింది.

మావయ్య: అందుకే గదా ఇళ్లు గవర్నమెంటు కట్టేది. మున్సిపాలిటీ పని కాలవలు తీయించడం.

మేనకోడలు: ఏ గవర్నమెంటు? ఒకరు 2016 తర్వాత పట్నాల్లో టిడ్కో ఇళ్లు మొదలెట్టారు. 300, 365, 430 అడుగుల ఫ్లాట్లు, జీ ప్లస్ 3 అంతస్తులు, అల్యూమినియం షట్టరింగులో పోసిన కాంక్రీటు గోడలు. వాళ్లు దిగిపోయారు. తర్వాతి వాళ్లు వచ్చి ఆ ఇళ్ల సంఖ్యను 2 లక్షల 62 వేలకు కుదించారు. 300 అడుగుల ఫ్లాటు రూపాయికే అన్నారు, పెద్ద వాటికి లబ్ధిదారు వాటా సగం చేశారు. ఈలోగా ఇల్లు చేతికి రాకుండానే బ్యాంకు కిస్తీ నోటీసు చేతికొచ్చిన వాళ్లున్నారు. మళ్లీ 2020 డిసెంబర్ 25న జగనన్న కాలనీలు. 30 లక్షలకు పైగా పట్టాలు, పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. 2024లో మళ్లీ మారింది. పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అన్నారు. ప్రతి అయిదేళ్లకీ ఇంటి కొలత మారుతుంది, పేరు మారుతుంది, గోడ మీద రంగు మారుతుంది. అర్జీ పెట్టిన మనిషి మాత్రం అదే అద్దె గదిలో ఉంటుంది. మన ఊళ్ల డబ్బు మన ఊళ్ల చేతిలో ఉంటే ఎన్నికలొచ్చినా పని ఆగదు. నేను అడిగేది అంతే.

మావయ్య: మన ఊళ్ల డబ్బు మన చేతిలో ఉంటదా? ఎవడుండనిచ్చాడు? పంచాయతీలకి ఆర్థిక సంఘం డబ్బులొస్తే కరెంటు బకాయిల కింద పైనే జమ కట్టేసుకున్నారు. సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుందా? నేను ప్లాను పెట్టిన ప్రతి పెద్ద బిల్డింగుకీ ఖర్చులో 1 శాతం కార్మిక సెస్సు కట్టాను. తాపీ మేస్త్రి పరంజా మీంచి పడి నడుం విరిగితే ఇవ్వడానికని. అది కూడా ఉమ్మడి నిధే. క్లెయిములు రావట్లేదని సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. అంచేత నిధి అనే మాట వింటేనే నాకు జేబు మీదికి చెయ్యి పోద్ది.

మేనకోడలు: అవి రాష్ట్రం పెట్టిన నిధులు. నేను చెప్పేది ఊళ్లు పెట్టుకునేది. తేడా ఎక్కడుందో చెప్తాను విను. సియాటెల్‌కి తూర్పున బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్, రెడ్మండ్ ఉన్నాయి. మన వీధిలోనే ముగ్గురి పిల్లలు అక్కడున్నారు.

మావయ్య: మైక్రోసాఫ్టు ఊరు. తెలుసు. మా తోడల్లుడి కొడుకు అక్కడ ఇల్లు కొన్నానని ఫొటో పంపాడు. ధర చెప్తే ఇక్కడ ఓ వీధంతా కొనొచ్చనిపించింది.

మేనకోడలు: ఆ ధరల గొడవలోంచే పుట్టింది. 1992లో ఆ మూడు ఊళ్లూ, కింగ్ కౌంటీ కలిసి ఆర్చ్ అనే సంస్థ పెట్టుకున్నాయి. తర్వాత చుట్టుపక్కల చిన్న ఊళ్లు ఒక్కొక్కటే చేరాయి. ఏ ఊరు ఎంత వెయ్యాలో జనాభా, కొత్తగా వచ్చే ఉద్యోగాలు, ఇళ్లు చూసి ఒక అంచనా చెప్తారు. అసలు ఎంత వేసేదీ ఆ ఊరి కౌన్సిలే బడ్జెట్టులో తేల్చుకుంటుంది. అసలు కిటుకు ఇక్కడుంది. ఫలానా చోట ఇళ్లు కట్టాలని ఉమ్మడి బోర్డు సిఫారసు చేస్తుంది. కాని ఆ ఊరి వాటా డబ్బు కదలాలంటే మళ్లీ ఆ ఊరి కౌన్సిలే ఒప్పుకోవాలి. డబ్బు కలిసింది, తాళం చెవి కలవలేదు.

మావయ్య: చెవి మన దగ్గరే ఉంటే మరి కలపడం దేనికి? మన డబ్బుతో మనమే కట్టుకుంటాం గదా.

మేనకోడలు: ఎన్ని కడతావు? సియాటెల్‌కి దక్షిణాన కెంట్, ఆబర్న్, బ్యూరియన్ లాంటివి అంత డబ్బున్న ఊళ్లు కావు. 2019లో వాషింగ్టన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది, అమ్మకపు పన్నులో చిన్న ముక్క మీ దగ్గరే ఉంచుకుని ఇళ్లకు వాడుకోమని. ఒక్కో ఊరికి వచ్చే ముక్కతో ఒక అపార్టుమెంటు పునాది కూడా పడదు. అందుకని ఆ ముక్కలన్నీ కలిపారు. కలిపిన డబ్బు చూపిస్తే బ్యాంకులు, పెద్ద నిధులు మిగతాది పెడతాయి. వంద ఇళ్ల కాంప్లెక్సుకి ఊరి డబ్బు ఎప్పుడూ పూర్తి ఖర్చు కాదు మావయ్యా, అది ముందు పడే ఇటుక. మనకి కూడా కేంద్రం ఇచ్చే లక్షన్నర ఉంది, బ్యాంకు అప్పు ఉంది. మధ్యలో తగ్గే మొత్తం ఎవరు పెడతారన్న దగ్గరే ఇళ్లు ఆగిపోతున్నాయి.

మావయ్య: అక్కడ ఆగట్లేదమ్మా. ఎక్కడ ఆగుతున్నాయో నన్నడుగు. సెంటంటే 48 గజాలు. ముగ్గు పోసి చూపిస్తే ఆడమనిషి నా మొహం కేసి చూస్తది, ఇది గదా, ఇల్లా అని. ముందు గది, వెనక వంటిల్లు, మూల బాత్రూము. మెట్లు పెడదామంటే గది పోద్ది. గది ఉంచుదామంటే మెట్లకి బదులు ఇనప నిచ్చెన. బండి రోడ్డు మీదే. మంచం వేస్తే బీరువాకి చోటు లేదు. సరే, అదైనా కడదామంటే ఇచ్చింది లక్షా 80 వేలు. పట్నంలో లక్షన్నర కేంద్రానిది, 30 వేలు రాష్ట్రానిది. అదీ ముందివ్వరు. బేస్‌మెంటు లేస్తే ఓ బిల్లు, గోడలు లేస్తే ఓ బిల్లు, శ్లాబు పడితే ఓ బిల్లు. కూలికెళ్లే మనిషి ముందు పెట్టుబడి ఎక్కణ్నించి తెస్తది?

మేనకోడలు: డ్వాక్రాలో 35 వేలు పావలా వడ్డీకి ఇప్పించారు కదా.

మావయ్య: అది పునాదిలోనే కలిసిపోయింది. ఊరి చివర చౌకగా దొరికిందని పల్లం నేల కొంటారు. గొయ్యి తీస్తే లోపలంతా పూడిక మట్టి. గట్టి నేల తగలాలంటే ఇంకో రెండడుగులు దిగాలి. ఆ రెండడుగులకి ఏ ఎస్టిమేటులోనూ బిల్లు లేదు. ఇసుక ఉచితం. దాన్ని ఇంటి దాకా తెచ్చే ట్రాక్టరు కిరాయి ఎవడిది? పిక్క కొనాలి, ఇనుము కొనాలి, సెంట్రింగు సామాను అద్దెకి తేవాలి. శ్లాబు వాయిదా పడితే ఆ అద్దె రోజూ పెరుగుద్ది. లింటెల్ దాకా లేచి ఆగిపోయిన గోడలు నేను చూశాను. లోపల తుమ్మ మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. కావాలంటే ఇదిగో, 2025లో ఆగిపోయిన ఇళ్లకి బీసీ, ఎస్సీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు అదనం ఇస్తామన్నారు. అంటే లక్షా 80 వేలు చాలదని వాళ్లే ఒప్పుకున్నట్టు గదా!

మేనకోడలు: నువ్వు నా మాటే చెప్తున్నావు మావయ్యా. తగ్గిన డబ్బు పెట్టేవాడు లేడు. అది పెట్టడానికే నిధి.

మావయ్య: కాదు. నేను పల్లం నేల గురించి చెప్తన్నాను. డబ్బు రెండింతలిచ్చినా అదే పల్లంలో ఇస్తే ఏటి లాభం? ఇల్లు ఎక్కడున్నదన్నదే అసలు సంగతి. పనికి నడిచెళ్లగలదా, పిల్లాడు బడికెళ్లగలడా, రాత్రి జ్వరమొస్తే ఏరియా ఆస్పత్రికి ఆటో దొరుకుద్దా. నీ ఉమ్మడి నిధి ఈ పల్లాన్ని ఇంకా పెద్దది చేస్తది. ఇప్పుడు ఊరి చివర. కలిపాక జిల్లా చివర.

(ఇక్కడ నేను అడ్డం రావాలి. మావయ్య భయం గాలిలోంచి పుట్టింది కాదు. విశాఖ నగరంలో పేదలకు స్థలాలివ్వడానికి చుట్టుపక్కల మండలాల్లో భూసమీకరణ చేశారు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో ఆ పట్టాల పంపిణీ మొదలైంది. నగరంలో లక్షకు పైగా కుటుంబాలకు నగరం బయట సెంటు స్థలం. సబ్బవరం ఆ నెల 4వ తేదీనే అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అంటే విశాఖ జిల్లా పేదల్లో కొందరికి ఇంటి స్థలం పక్క జిల్లాలో దొరికింది.)

మేనకోడలు: పైడివాడ సంగతి నేను కాదనను. నగరంలో ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషికి పాతిక ముప్పై కిలోమీటర్ల అవతల పట్టా ఇస్తే ఆ పట్టా బీరువాలో ఉంటుంది, మనిషి నగరంలో అద్దెకే ఉంటుంది. కాని అది ఉమ్మడి నిధి చేసిన పని కాదు కదా. చౌక నేల వెతుక్కుంటూ నగరం ఒక్కటే తీసుకున్న దారి. సబ్బవరాన్ని ఎవరు అడిగారు? అడిగే చోటే లేదు. నిధిలో సభ్యత్వముంటే కనీసం అడగాలి.

మావయ్య: అడుగుతారు, డబ్బు చూపించి అడుగుతారు. మా వాళ్లని మీ ఊళ్లో పెట్టుకోండి, ఇంత ఇస్తాం అంటారు. మున్సిపాలిటీ చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు కాదనగలదా?

మేనకోడలు: ...న్యూజెర్సీలో అచ్చంగా అదే జరిగింది.

మావయ్య: ఏదీ, చెప్పు చెప్పు.

మేనకోడలు: నాకు అడ్డమొచ్చే కథే. అయినా చెప్తాను. 1975లో మౌంట్ లారెల్ అనే ఊరి కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. పెరుగుతున్న ఏ ఊరైనా ఆ ప్రాంతం మొత్తంలో తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు తన వంతు చోటివ్వాలంది. పదేళ్లకు చట్టం వచ్చింది. అందులో ఒక సందు పెట్టారు. డబ్బున్న ఊరు తన వంతులో సగం దాకా వేరే ఊరికి బదిలీ చెయ్యొచ్చు, అందుకు సొమ్ము కట్టాలి. పచ్చిక లాన్లున్న ఊళ్లు చెక్కు రాసి ఇచ్చాయి, చితికిపోయిన పాత పట్నాలు పుచ్చుకున్నాయి. 2008 దాకా ఆ బేరం సాగింది, ఆ ఏడాది రద్దు చేశారు.

మావయ్య: ఇరవై ఏళ్లు పైనే పట్టింది, ఆ సందు మూయడానికి. మనకి ఎన్నాళ్లు పడతదో? అనకాపల్లిని చూడు. ఒకప్పుడు దాని మున్సిపాలిటీ దానికుండేది. వైజాగ్ కార్పొరేషన్‌లో కలిపేశారు. ఇవాళ జిల్లా కేంద్రం, కలెక్టరు అక్కడే ఉంటాడు. కాలవ పూడితే మాత్రం వైజాగ్ కార్పొరేషన్‌కే చెప్పుకోవాలి. మనల్నీ 2021లో విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ గీతలోకి లాగారు. పెద్ద లేఅవుట్ వేస్తే ఫైలు వైజాగ్ పోద్ది. నర్సీపట్నం రోడ్డు రైల్వేస్టేషన్ ఉంది చూడు, పేరు మనది, దిగితే ఊరు కనపడదు, ఇంకో బస్సెక్కాలి. నీ నిధీ అలాగే ఉంటది.

మేనకోడలు: స్టేషన్ జోకు ఎప్పుడో ఒకప్పుడు వేస్తావని తెలుసు. సరే, వీఎంఆర్డీఏలో ఉన్నాం. ఆ ఉండడం వల్ల నిబంధనలు మనకొచ్చాయి, డబ్బు రాలేదు. ఇప్పుడు ఈ ప్రాంతం మీద ఏం వాలుతోందో చూడు. నక్కపల్లి దగ్గర స్టీలు ప్లాంటంటున్నారు, మందుల పార్కంటున్నారు. అచ్యుతాపురం సెజ్ ఉండనే ఉంది. రాంబిల్లి, తర్లువాడ వైపు గూగుల్ డేటా సెంటరన్నారు. నీతి ఆయోగ్ విశాఖ చుట్టూ జిల్లాలన్నిటినీ కలిపి ఆర్థిక ప్రాంతం అని పేరు పెట్టింది. ఫ్యాక్టరీ ఒక ఊళ్లో పడుతుంది, పన్ను అక్కడే ఉంటుంది. భూముల రేట్లు మాత్రం నలభై కిలోమీటర్ల దాకా లేస్తాయి. ఇలాంటి దానికే అమెరికాలో మినియాపోలిస్ చుట్టూ ఉన్న ఊళ్లకు 1971లోనే చట్టం చేశారు. వ్యాపార స్థలాల పన్ను ఆధారం పెరిగితే ఆ పెరుగుదలలో 40 శాతం అందరి ఖాతాలోకి. ఫ్యాక్టరీ ఎవరికి దక్కినా అందరికీ కొంత అందుతుంది.

మావయ్య: ఫ్యాక్టరీ పన్ను మనకొస్తదంటే నాకేం కడుపునొప్పి? కాని నువ్వు ముందు మన డబ్బు వెయ్యమంటన్నావు. ఎందులోంచి?

మేనకోడలు: రిజిస్ట్రేషన్లోంచి. స్థలం కొంటే కట్టే ఏడున్నర శాతంలో అయిదు స్టాంపు డ్యూటీ, ఒకటి రిజిస్ట్రేషన్ ఫీజు. మిగిలిన ఒకటిన్నర బదిలీ సుంకం, అది స్థానిక సంస్థల వాటా. రేట్లు లేస్తే ఆ సుంకమూ లేస్తుంది. రేటు లేచినందుకే పేదవాడు ఊరి బయటికి పోతున్నాడు కాబట్టి, ఆ లేచిన దాంట్లోంచే ఒక ముక్క అతని ఇంటికి వెయ్యమంటున్నాను. కొత్తగా ఎవరి మీదా పన్ను వెయ్యక్కర్లేదు.

మావయ్య: కొత్త పన్ను కాదు గాని పాత రోడ్డు ఆగిపోద్ది. ఆ సుంకంతోనే గదా వీధిలో సిమెంటు పోసేది. పోనీ, అంతా వదిలేసి ఒక్క మాట అడుగుతాను. మన ప్రాంతం ఏది? వైజాగ్ అని నీకెవరు చెప్పారు?

మేనకోడలు: అంటే?

మావయ్య: పొద్దున్న అబీద్ సెంటర్లో నిలబడి చూడు. బస్సులు, జీపులు ఎక్కణ్నించి దిగుతున్నాయి? కొండ వైపు నుంచి. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి. ఆస్పత్రికొచ్చేవాళ్లు వాళ్లే, కాలేజీకొచ్చే పిల్లలు వాళ్లే, బట్టలు కొనేదీ వాళ్లే. కొండ మీద 1/70 చట్టం ఉంది. గిరిజనుడు కానివాడు అక్కడ సెంటు భూమి కొనడానికి వీల్లేదు. మంచి చట్టమే, అది లేకపోతే కొండ ఏనాడో రాసేయించుకునేవారు. దాని వల్ల అక్కడ పనిచేసే టీచర్లు, నర్సులు, ఆఫీసు గుమస్తాలు ఇల్లు మాత్రం ఇక్కడ కట్టుకుంటారు, ఇక్కడ అద్దెకుంటారు. పిల్లల చదువుకని కొండ మీంచి దిగి గది తీసుకున్న కుటుంబాలు వేరే. మన ఊళ్లో అద్దెలు లేపింది వైజాగ్ కాదమ్మా, కొండ. జిల్లాలు విడగొట్టినప్పుడు కొండ అల్లూరి జిల్లాలోకి పోయింది, పాడేరు కిందికి. మనం అనకాపల్లి కిందికి. వాళ్లు మన దగ్గరుంటారు, వాళ్ల లెక్క పాడేరులో ఉంటది. నీ విశాఖ నిధి ఈ జనాన్ని ఏ ఊరి ఖాతాలో రాస్తది?

మేనకోడలు: (కాసేపాగి) ఇది నేను ఆలోచించలేదు.

(నాకు ఈ తగువులో అన్నిటికంటే బరువుగా అనిపించిన మాట ఇదే. ప్రాంతం అంటే మ్యాపు మీద గీసిన గీత అనుకుంటాం. ఎవరు ఎక్కడ పనిచేసి ఎక్కడ నిద్రపోతున్నారో చూస్తే ఇంకో గీత కనిపిస్తుంది. పట్టాల లెక్కలో ఆధార్ చిరునామా ఉంటుంది, నిద్రపోయే చోటు ఉండదు. నిధిలో చేరేముందు మున్సిపాలిటీ చేయించవలసిన మొదటి పని అద్దె గదుల లెక్క.)

మేనకోడలు: అయితే మనకి కావలసింది పట్టాలు కాదు మావయ్యా. అద్దె గదులు. కొండ మీద ఉద్యోగం చేసేవాడికీ, డిగ్రీ చదివే పిల్లకీ, ఆస్పత్రికొచ్చి నెల ఉండవలసిన ముసలమ్మకీ సొంత సెంటు దేనికి? తక్కువ అద్దెకు శుభ్రమైన గది కావాలి. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. మన దగ్గర ఇల్లంటే పట్టా, పట్టా అంటే ఓటు అన్న లెక్కలో దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. అద్దె గదికి శంకుస్థాపన ఫొటో ఉంటుంది, పట్టా చేతికిచ్చిన ఫొటో ఉండదు కదా. అది ఉమ్మడి నిధి చెయ్యగలదు. బస్టాండుకి నడిచెళ్లే దూరంలో మున్సిపాలిటీ స్థలం, గిరిజన సంక్షేమం డబ్బు కొంత, మనది కొంత.

మావయ్య: మున్సిపాలిటీ అద్దెలు వసూలు చేస్తదా! షాపుల అద్దెలే ఏళ్ల తరబడి బకాయి పడతాయి ఏ ఊళ్లోనైనా. కౌన్సిలరు చుట్టమైతే అసలే కట్టడు. గదులు కట్టిన మూడో ఏడాది పంపు చెడిపోద్ది, నాలుగో ఏడు సెప్టిక్ ట్యాంకు పొంగుద్ది. బాగుచేసేదెవరు? కట్టడానికి అందరూ వస్తారు. నేను కట్టిన వాటికి పదేళ్ల తర్వాత సున్నం వేయించినోణ్ని ఒక్కణ్ని చూపించు.

మేనకోడలు: అందుకే మున్సిపాలిటీ ఒక్కటే నడపకూడదంటాను. నాలుగైదు ఊళ్లకి కలిపి ఒక్క నిర్వహణ ఆఫీసు. ఊళ్లో ఎవరికీ చుట్టం కానివాడు అద్దె వసూలు చేస్తాడు. అద్దెలో ఇంత భాగం రిపేర్లకని మొదటి రోజు నుంచే పక్కన పెడతాడు. చిన్న ఊరు ఒక్కటే అలాంటి మనిషికి జీతమివ్వలేదు, నలుగురు కలిస్తే ఇవ్వగలరు. కలవడం వల్ల లాభం ఇళ్ల సంఖ్యలో కంటే ఇందులోనే ఎక్కువ ఉంది.

మావయ్య: అది ఒప్పుకోవచ్చు. చుట్టం కానివాడు కావాలి. సరే, తీర్మానం రాయి. నా షరతులు నేను చెప్తాను. ఒకటి, మన వాటా మన మున్సిపాలిటీ ఖాతాలోనే ఉండాలి, కౌన్సిల్ ఒప్పుకుంటేనే కదలాలి. నీ రెడ్మండ్ వాళ్లలాగే. రెండు, డబ్బిచ్చి మనుషుల్ని పంపే బేరం ఉండకూడదు. న్యూజెర్సీ బేరం. మూడు, మన డబ్బుతో కట్టే ఇల్లు మన 28 వార్డుల్లోనే ఉండాలి.

మేనకోడలు: మూడోది పెడితే నిధే లేదు మావయ్యా. ప్రతి ఊరూ నా డబ్బు నా పొలిమేరలోనే అంటే కలిపిందేముంది? పేరుకి ఉమ్మడి, లోపల వేరే వేరే పెట్టెలు.

మావయ్య: పొలిమేర దాటి కడితే బస్సు నువ్వు నడుపుతావా?

మేనకోడలు: ఆ మాటే రాద్దాం. బస్సు తిరిగే రోడ్డు, బడి, ఆస్పత్రి ఇంత దూరంలో ఉంటేనే ఏ ఊళ్లోనైనా కట్టాలని. పొలిమేర కాదు, దూరం.

మావయ్య: ఆర్టీసీ వాడు బస్సు వేస్తానని కాగితం ఇచ్చాకే ముగ్గు పోయాలి. ముగ్గు తర్వాత కాగితం కాదు. ఇదివరకు కాలనీలన్నీ ముగ్గు ముందు పోశారు, బస్సు కోసం ఇప్పటికీ అర్జీలు పెడుతున్నారు.

మేనకోడలు: రాశాను. ఎంత వేస్తావు?

మావయ్య: బదిలీ సుంకంలో పదో వంతు. ఒక్క ఏడాది. చూసి తర్వాత ఆలోచిద్దాం.

మేనకోడలు: ఒక్క ఏడాదికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అయిదేళ్లన్నా వేస్తామని రాతకోతలుంటేనే దాని మీద అప్పు పుడుతుంది.

మావయ్య: అయిదేళ్లంటే ఇంకో కౌన్సిలు వస్తది. వాళ్ల చేతులు మనమెలా కట్టేస్తాం?

మేనకోడలు: టిడ్కో ఇళ్ల విషయంలో తర్వాత వచ్చేవాళ్ల చేతులు ఇలాగే కట్టకుండా వదిలేశారు.

మావయ్య: ...మూడేళ్లు. అంతకి మించి నేను ఒప్పుకోను. యలమంచిలి మున్సిపాలిటీ ఎంత వేస్తుందో కనుక్కో ముందు. వాళ్ల కంటే ఒక్క రూపాయి ఎక్కువ వెయ్యం.

మేనకోడలు: జనాభా లెక్కన వేస్తే వాళ్ల కంటే మనమే ఎక్కువ వెయ్యాలి.

మావయ్య: జనాభా లెక్కన వేస్తే కొండ మీంచి దిగి మన దగ్గర అద్దెకున్నవాళ్లని కూడా లెక్కలో రాయి. వాళ్ల వాటా పాడేరు వెయ్యాలి. రాసుకుని అప్పుడు రా, ఎవరు ఎవరికి బాకీయో చూద్దాం.